సైకిలు దిగి పార పట్టండి

హైదరాబాదు సైకిలు మిత్రులారా! ఆదివారం కోడి కూయకముందే సైకిలును కారు వెనక కట్టుకొని అనంతగిరికి బయలుదేరేవాళ్ళు, పొద్దెక్కేలోగా గండిపేట చుట్టుపక్కల మట్టిదారుల్లో దుమ్ము లేపేవాళ్ళు, ఖాజాగూడ బండల మీద ముందుచక్రం ఎత్తడం నేర్చుకుంటున్న అబ్బాయిలు, అమ్మాయిలు, ఈ మాట మీ అందరికీ. కొంచెం కటువుగానే ఉంటుంది. అయినా వినండి.

మనం తొక్కే బాటల్లో మనం వేసినవి ఎన్ని? చాలావాటిని మేకలు వేశాయి. మేకల వెనక నడిచిన కాపరులు వేశారు. కట్టెలకూ సీతాఫలాలకూ గుట్టెక్కిన ఆడవాళ్ళు వేశారు. మొక్కు తీర్చుకోవడానికి గుడికో దర్గాకో పోయినవాళ్ళ కాళ్ళు వేశాయి. నెత్తిన మోపు ఉన్న మనిషి గుట్టను నిటారుగా ఎక్కదు, వాలుకు అడ్డంపడి చుట్టుకుంటూ పోతుంది. మంచి ట్రయిల్‌కు ఈనాటి నిపుణులు చెప్పే మొదటి లక్షణం కూడా అదే. తరాల తరబడి జనం నడిచి సిద్ధం చేసిన బాట మీద మనం హెల్మెట్ పెట్టుకొని వచ్చి ఎక్కాం. ఎవరూ అద్దె అడగలేదు. బదులుగా మనం ఇచ్చిందేమిటి? టైరు గాళ్ళు, ఖాళీ నీళ్ళ సీసాలు, ఎనర్జీ జెల్ రేకులు. లక్షన్నర పెట్టి సైకిలు కొన్నవాడి ఇంట్లో ఒక తట్ట, ఒక పార ఉండవు. ఇది సిగ్గుపడాల్సిన సంగతే.

బాట ఎలా పాడవుతుందో కాస్త నిదానంగా చూద్దాం. దిగుడులో ఒకడు వెనకబ్రేకు బిగబట్టి చక్రాన్ని ఈడ్చుకుంటూ దిగుతాడు. వీడియోలో బ్రహ్మాండంగా ఉంటుంది. నేల మీద గాడి పడుతుంది. జూన్‌లో పడ్డ తొలివాన ఆ గాడిని పట్టుకుంటుంది. నీళ్ళకు దారి దొరికితే ఇక ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు, మిగతా పని అవే కానిస్తాయి. శ్రావణం నాటికి మట్టి కొట్టుకుపోయి రాళ్ళు తేలతాయి. తరవాత వచ్చినవాడు పడతానేమోనని పక్కనున్న గడ్డి మీదుగా పోతాడు. వాడి వెనక పదిమంది. దీపావళికల్లా మనిషి పట్టేంత బాట ఎడ్లబండి పట్టేంత అవుతుంది, దాని మీద గడ్డిపోచ మొలవదు.

అనంతగిరి మీద కోసుకుపోయిన ఆ ఎర్రమట్టి ఎక్కడికి పోతుంది? మూసీ పుట్టింది ఆ గుట్టల్లోనే. 1908 వరద నగరాన్ని ముంచేశాక, మళ్ళీ అలాంటి గతి పట్టకూడదని మూసీకి అడ్డంగా కట్టి 1920లో పూర్తిచేసిన ఉస్మాన్‌సాగర్‌లోకే, అంటే మన గండిపేటలోకే, ఆ నీళ్ళు వస్తాయి. ఎగువన ఎక్కడో దూరాన మనం సరదాకు చీల్చిన నేల మన తాగునీటి చెరువు అడుగున ఒండ్రుగా చేరుతుంది. గుట్ట వేరు, నగరం వేరు అనుకుంటున్నవాళ్ళు ఒక్కసారి పటం తీసి చూడండి.

మందు తెలియనిది కాదు. బాట ఎక్కుడు, గుట్ట వాలులో సగానికి మించకూడదు. నూరడుగులకు గుట్ట ముప్పై అడుగులు వాలి ఉంటే బాట పదిహేను అడుగులకన్న ఎక్కకూడదు. మొత్తం మీద సగటు పదిలోపు ఉంటే ఇంకా మేలు. బాట బయటి అంచు లోయవైపు కొద్దిగా ఒరిగి ఉండాలి, అప్పుడు వాననీళ్ళు బాట వెంట పరుగెత్తకుండా అడ్డంగా జారిపోతాయి. కొంత దూరానికొకసారి బాటను కాస్త దించి మళ్ళీ ఎత్తాలి. ఆ పల్లంలో నీళ్ళు పక్కకు మళ్ళుతాయి. అక్కడ మట్టి పూడినప్పుడల్లా పారతో తీసెయ్యాలి. అసలు పని ఈ ఆఖరి మాటలోనే ఉంది. బాట వెయ్యడం ఒక్కసారి పని, చూసుకోవడం ఏటేటా పని. చెరువుకట్టకు గండి పడకుండా వానాకాలమంతా నీరటికాడు కట్ట మీద తిరిగినట్టు, బాటకూ తిరిగే మనుషులు కావాలి.

ప్రభుత్వం చేయించాలి అంటారా? ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్‌ను ప్రభుత్వమే కట్టించి 2023లో తెరిచింది. సంతోషం. కాని గుట్ట మీది మట్టిబాటకు టెండరు పిలిస్తే ఏం వస్తుందో మనకు తెలియనిదా? పేవర్ బ్లాకులు, స్టీలు రెయిలింగు, ఒక సెల్ఫీ పాయింటు. మట్టిబాటకు దాన్ని తొక్కేవాడే మేస్త్రీ, కూలీ కూడా.

ఈ ఆట పుట్టినచోట ఏమైందో చెబుతాను. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర గోల్డెన్ గేట్ వంతెన దాటితే మారిన్ కౌంటీ. 1970లలో అక్కడి కుర్రాళ్ళు పాతకాలపు బరువు సైకిళ్ళ మీద కొండదారుల్లో కిందికి దూసుకొచ్చేవారు. 1976లో మొదలైన వాళ్ళ పందెం పేరు ‘రీప్యాక్’. ఒక్క దిగుడుకే వెనకచక్రం బ్రేకులోని గ్రీజు పొగైపోయి మళ్ళీ నింపుకోవాల్సి వచ్చేది, పేరు అందుకే. ఆ ఆట 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కు ఎక్కింది. పుట్టింట్లో మాత్రం తలుపులు మూసుకున్నాయి. నడకవాళ్ళూ గుర్రాలవాళ్ళూ మొత్తుకున్నారు, ఆ కొండల ఇరుకుబాటల్లో చాలావాటి మీద సైకిలు నిషిద్ధమైంది. కాలిఫోర్నియాలో అలా బాటలు ఒక్కొక్కటే చేజారుతుంటే 1988లో రైడర్లు అంతర్జాతీయ మౌంటెన్ బైకింగ్ సంఘం పెట్టుకున్నారు.

కెనడావాళ్ళ కథ ఇంకో తీరు. వాంకూవర్ నగరానికి ఎదురుగా, సముద్రపు పాయకు అవతల ఫ్రోమ్, సీమోర్, సైప్రస్ కొండలున్నాయి. మొదట్లో అక్కడి అడవిలో ఎవరినీ అడగకుండా, దొంగచాటుగానే బాటలు వేశారు. 1997లో నార్త్ షోర్ మౌంటెన్ బైక్ సంఘం ఏర్పడ్డాక నేల ఎవరిదో వాళ్ళతో కూర్చొని మాట్లాడారు. ఒక్కో బాటను దత్తు తీసుకొని బాగుచేసే పద్ధతి పెట్టారు. అక్కడి వాన మన వానలా నాలుగు నెలలతో పోయేది కాదు. ఆ బురదలోనే రైడర్లు పారలు పట్టి వంగారు. ఇవాళ ప్రపంచం నలుమూలల నుంచి సైకిళ్ళు మోసుకొని ఆ బాటలకు వస్తున్నారు.

మనకేం తక్కువ? 250 కోట్ల ఏళ్ళ నాటి బండరాళ్ళు కోటి జనాభా దాటిన నగరం నడిబొడ్డున నిలబడి ఉన్న చోటు ఇంకెక్కడుంది? గంటన్నర ప్రయాణంలో ఒకవైపు అనంతగిరి, మరోవైపు నర్సాపూర్ అడవి. ఈ రాళ్ళ విలువ తెలిసినవాళ్ళు 1996లోనే రాళ్ళ పరిరక్షణకు సంఘం పెట్టి పోరాడారు. మరి మనలో కొందరు అవే బండల మీద దారి గుర్తుకని ఆయిల్ పెయింటుతో బాణాలు గీస్తున్నారు, పక్కన తమ గ్రూపు పేరొకటి. ఆ రంగు డబ్బాలు ఇంట్లోనే ఉంచండి.

రాయి ఉంటేనే బాట, నేల ఉంటేనే రాయి. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్‌డోజర్లు వస్తే అడ్డం నిలబడింది విశ్వవిద్యాలయం విద్యార్థులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. వికారాబాదు పక్కన దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాలు నౌకాదళ కేంద్రానికి పోయాయి, 2024 అక్టోబరులో శంకుస్థాపన కూడా అయింది. దేశానికి అది కావాలా, చోటు అదేనా అన్న వాదన ఇక్కడ పెట్టను. నేను అడిగేది మనల్ని. రేపు ఇంకో గుట్ట మీద, ఇంకో కంచ మీద ఇలాంటి మాట లేచినప్పుడు మనం విడివిడిగా వాట్సాప్‌లో ఏడ్చే మనుషులమా, కాగితాలతో, పటాలతో అధికారి ముందు నిలబడే సంఘమా? ఏ బాట ఎప్పటినుంచి ఉంది, ఎవరు నడుస్తారు, ఎక్కడ నీరు నిలుస్తుంది అన్న లెక్క మనకన్న బాగా ఎవరి దగ్గర ఉంది? మన ఫోన్లలో ఉంది. అది బయటికి తీయండి.

అయితే పార పట్టమన్నానని ఎక్కడపడితే అక్కడ తవ్వకండి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా తవ్వడం, కొమ్మలు నరకడం నేరం. రేంజ్ ఆఫీసరు దగ్గరికి పొండి. ఒకసారికి పని కాదు, మళ్ళీ పొండి. ఊరి భూమి అయితే సర్పంచిని కలవండి, అంతకుముందు అక్కడ మేకలు కాసే పెద్దాయన్ను కలవండి. నీళ్ళు ఎటు పారతాయో సర్పంచికన్న ఆయనకే బాగా తెలుసు.

తొక్కేటప్పటి మర్యాద కూడా మన బాధ్యతలోదే. వానపడ్డ మరునాడు టైరు నేలలో దిగబడుతుంటే వెనక్కి తిరగండి. ఎర్రచెలక తొందరగా ఆరుతుంది, నల్లరేగడి మాత్రం వారమైనా వదలదు, అక్కడ మీ సైకిలుకూ మంచిది కాదు. బాటలో చిన్న మడుగుంటే మధ్యలోంచి పొండి, బట్టలు ఖరాబైతే ఉతుక్కోవచ్చు, పక్కకు తప్పుకుంటే బాట వెడల్పవుతుంది. మంద ఎదురైతే కాలు కింద పెట్టి ఆగండి, కాపరికి ముందు మీరే నమస్కారం పెట్టండి. ఎండాకాలం తీతువులు ఉత్త నేల మీదే గుడ్లు పెడతాయి. పిట్ట అరుస్తూ మీ నెత్తి మీద తిరుగుతోందంటే గుడ్లు దగ్గర్లో ఉన్నట్టే, వచ్చిన దారినే తిరిగి పొండి. అదే కాలంలో గడ్డి నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది, సిగరెట్టు సంగతి వేరే చెప్పాలా?

ఇక లేవండి. ప్రతి గ్రూపూ ఒక్క బాటను తన పేర రాసుకోవాలి. నెలకు ఒక ఆదివారం ఆ బాట మీద సైకిలు దిగాలి. సైకిలు దుకాణాలవాళ్ళు కూడా కదలండి, మీరు అమ్మిన టైర్లే ఆ గాళ్ళు చేస్తున్నాయి. పనిముట్లు మీరు కొనిపెట్టండి. ఐటీ కొలువుల మిత్రులారా, ఏడాదికోసారి మొక్క నాటి ఫొటో దిగే కార్యక్రమం బదులు మీ కంపెనీని ఈ పనికి తీసుకురండి. జిమ్ములో ఎత్తే ఇనుముకన్న గడ్డపార బరువు తక్కువే.

వానలు మొదలుకాక ముందు, మే నెలలోనే, నీళ్ళు మళ్ళే పల్లాలన్నీ తవ్వి పెట్టుకోవాలి. పొద్దున ఆరింటికి మొదలుపెడితే ఎండ ముదిరేలోపు వంద గజాలు బాగుచేయొచ్చు. ఒకరికి పార, ఒకరికి తట్ట, ఒకరికి కంప కొట్టే కత్తి. చేతులకు గ్లవ్స్ ఎలాగూ ఉన్నాయి. గడ్డపార లేకపోతే కింద ఊళ్ళో అడగండి, లేదనరు. తిరిగి ఇచ్చేటప్పుడు మట్టి కడిగి ఇవ్వండి.