కన్నీళ్లు కూడా వాదనలో భాగమే



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల హాస్టళ్లలో చదివిన వాళ్లెవరికైనా రాత్రి భోజనాల తర్వాత జరిగే చర్చలు గుర్తుంటాయి. దేవుడున్నాడా? తలరాత నిజమా? మంచివాళ్లకు కష్టాలెందుకు? ఈ ప్రశ్నలు మనకు తత్వశాస్త్ర పుస్తకాల్లోంచి రాలేదు. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని వలసపోయిన అమ్మానాయినల నుంచి వచ్చాయి. సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయి బడి పోగొట్టుకున్న చెల్లెళ్ల నుంచి వచ్చాయి. అందుకే మన చర్చల్లో కోపం, కన్నీళ్లు వస్తాయి. వాటిని మనం ఎట్లా తీసుకుంటున్నామన్నదే నా ప్రశ్న.

ఒక మిత్రుడు చెప్పిన సంగతి ఇది. ఒక హాస్టల్లో కర్మ సిద్ధాంతం మీద చర్చ జరుగుతోంది. ఎవరి కష్టం వాళ్లు చేసుకున్నదేనని ఒకాయన వాదిస్తున్నాడు. ఇంటర్ చదివే తమ్ముడొకడు లేచి, "అయితే మా నాయిన స్లాబు మీదికెళ్లి పడి చచ్చిపోయింది కూడా ఆయన చేసుకున్నదేనా?" అని అరిచాడు. ఆపైన గొంతు పూడుకుపోయింది. చర్చ నడిపే అన్న, "ఎమోషనల్ కావద్దు, పాయింటు మాట్లాడు" అన్నాడు. కొందరు నవ్వారు. ఆ తమ్ముడు మళ్లీ ఏ చర్చకూ రాలేదట.

నా అభిప్రాయంలో ఆ రాత్రి అందరికంటే గట్టి పాయింటు ఆ తమ్ముడిదే. కష్టపడ్డ ప్రతివాడూ దానికి అర్హుడేనని చెప్పే సిద్ధాంతం తన తండ్రి చావుకు జవాబు చెప్పాలని అతను అడిగాడు. నిబ్బరంగా అడిగితే తర్కం, ఏడుస్తూ అడిగితే బలహీనత అనుకోవడం ఏం న్యాయం?

కన్నీళ్లున్న చోట తెలివి ఉండదనే వాళ్లు బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితం చూడాలి. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి వచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరిన ఆయనను, కులం బయటపడగానే ఒక పార్సీ సత్రం నుంచి కర్రలు పట్టుకొని వెళ్లగొట్టారు. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా ఆ దృశ్యం తలచుకుంటే కళ్లనీళ్లు రాకుండా ఉండవని 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నారు. అంత గొప్ప తార్కికుడికి ఆ కన్నీళ్లు అడ్డం రాలేదు. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ప్రజ్ఞను, కరుణను ధమ్మానికి రెండు మూలస్తంభాలుగా చూపారు. ఒక్క ప్రజ్ఞ చాలదన్నమాట.

బౌద్ధ గ్రంథాల్లోని కిసాగోతమి కథ మనకు తెలిసిందే. చనిపోయిన బిడ్డను ఎత్తుకొని వచ్చిన ఆ తల్లికి బుద్ధుడు మృత్యువు మీద ఉపన్యాసం ఇవ్వలేదు. చావు ఎరుగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు. ఇల్లిల్లూ తిరిగి ఆమే సత్యం తెలుసుకుంది. ఆయన సత్యాన్ని దాచలేదు, ఆమె దుఃఖాన్ని తోసిపుచ్చలేదు.

దగ్గరి ఉదాహరణ కావాలంటే నెల్లూరు జిల్లా దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడులకు వచ్చిన ఆడవాళ్లు సారా గురించిన పాఠాలు చదివి తమ ఇళ్ల బాధలు చెప్పుకున్నారు. "ఏడుపులు తర్వాత, ముందు అక్షరాలు దిద్దండి" అని అక్కడ ఎవరైనా నోరు మూయించి ఉంటే ఏమయ్యేది? ఒకరి బాధ అందరి ప్రశ్న అయింది. రోశమ్మ వంటి వాళ్లు ముందు నిలిచారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

"అయితే ఏడ్చినవాడిదే గెలుపా?" అని అడుగుతారు. కాదు. కరుణ అంటే ఒప్పుకోవడం కాదు. ఆ తమ్ముడి బాధను గౌరవిస్తూనే అతని అభిప్రాయంతో విభేదించవచ్చు. కోపంలో ఎవరైనా ఎదుటివాడి కులాన్నో, తల్లినో తిడితే వెంటనే ఆపాల్సిందే. జాలి కూడా కరుణ కాదు. జాలి "పాపం" అని పక్కన కూర్చోబెడుతుంది. కరుణ "చెప్పు తమ్ముడూ, వింటున్నాం" అంటుంది.

మన చర్చలకు ఐదు నియమాలు పెట్టుకుందాం. ఎవరి గొంతైనా వణికితే నవ్వకూడదు. ఆ మనిషి తేరుకునేదాకా ఆగాలి. మాట్లాడటం, మానుకోవడం అతని ఇష్టానికి వదలాలి. ఆ తర్వాత అతను అడిగిన ప్రశ్నను వదిలేయకుండా దాని మీదే చర్చ సాగించాలి. చర్చ అయ్యాక ఒకరు పోయి అతని పక్కన కూర్చోవాలి. దీనికి బడ్జెట్టు అక్కరలేదు, వార్డెన్ గారి అనుమతి అక్కరలేదు.

మనలో చాలామంది ఇంట్లో మొదట చదువుకున్న వాళ్లం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేనే. ఇట్లాంటి ప్రశ్నలు ఇంటికి పోయి అడుగుదామంటే, పొద్దంతా కష్టం చేసి వచ్చిన వాళ్లను అడగబుద్ధి కాదు. మనకు దొరికేది ఈ హాస్టల్ వరండా ఒక్కటే. ఇక్కడ నోరు మూసుకున్నవాడు రేపు యూనివర్సిటీ సెమినార్లో, ఇంటర్వ్యూ గదిలో ఎట్లా నోరు తెరుస్తాడు?

రాజ్యాంగ పీఠికలో స్వేచ్ఛ, సమానత్వం పక్కనే సౌభ్రాతృత్వం అనే మాట ఉంది. మన రూముల గోడల మీద ఆ పీఠిక అంటించుకుంటాం. ఆ మూడో మాటను మన చర్చల్లో కూడా ఆచరిద్దాం!