నష్టం మనది, జరిమానా ఖజానాకా?

2021లో ఎయిర్ ఇండియా ప్రయాణికుల సమాచారం చోరీ అయింది. ప్రపంచవ్యాప్తంగా 45 లక్షల మంది పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు వివరాలు బయటపడ్డాయి. పాస్‌వర్డ్ మార్చుకోండని సలహా ఇచ్చారు. మరి పుట్టిన తేదీని ఎట్ల మార్చుకోవాలె?

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో పార్లమెంటు సమాచార రక్షణ చట్టం చేసింది. రక్షణలో విఫలమైన కంపెనీకి 250 కోట్ల దాకా జరిమానా అన్నది. కానీ ఆ సొమ్ము చేరేది కేంద్ర ఖజానాకు. నష్టపోయినోడికి పైసా రాదు. అబద్ధపు ఫిర్యాదని తేలితే మాత్రం 10 వేల దాకా జరిమానా మనకే! బాధితునికి పరిహారం ఇమ్మన్నది ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్. కొత్త చట్టం దానికే ఎసరు పెట్టింది. ఇదేం న్యాయం?

అయినా ఒక దారి ఉన్నది. మనం నమ్మి ఇచ్చిన వివరాలను ఇతరులకు వెల్లడిస్తే అది అనుచిత వ్యాపారమని 2019 వినియోగదారుల చట్టం చెప్తున్నది. కాపాడలేకపోతే సేవాలోపమని వాదించవచ్చు. రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌కు పోవాలె. సేవకు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఒకే తీరు నష్టపోయిన వాళ్లందరి తరఫున కమిషన్ అనుమతితో ఒక్కరు కేసు వేయవచ్చు. కంపెనీ పంపిన మెసేజ్, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్ దాచిపెట్టుకోవాలె.

నీళ్లు, నిధులు, నియామకాల్లో మన వాటా ఏదని కొట్లాడి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. ఆ అడిగే గుణం పోగొట్టుకోవద్దు. జరిమానాలో బాధితుని వాటా ఏది? చట్టాన్ని సవరించి పరిహారం హక్కు నిలబెట్టాలని మేం డిమాండ్ చేస్తున్నం.