ఇంటి పన్ను కడుదాం, లెక్క కూడా అడుగుదాం

  

పోస్టు జర పొడుగైతది, ఓపికతోని చదవండి. ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే తండాలల్ల ఒక్కటే ముచ్చట: ఇంటి పన్ను. కారోబార్ రసీదు బుక్కు పట్టుకొని గడప గడపకు తిరుగుతడు. కార్యదర్శికి పై నుంచి టార్గెట్ ఉంటది. నూరు శాతం వసూలైందని ఫోటోలు దిగుతరు. ఈసారి మన పిల్లల నడుమ రెండు వాదనలు నడుస్తున్నయి. "తండాకు ఏం చేసిండ్రని కట్టాలె, కట్టొద్దు" అనేది ఒకటి. "ఎందుకు లొల్లి, అడిగిన కాడికి కట్టేసి ఊకుందాం" అనేది ఇంకోటి. నేనైతే రెండూ ఒప్పుకోను. కట్టకపోతే అడిగే నోరు పోతది. కట్టి ఊకుంటే పైసలు ఎటు పోయినయో తెల్వదు. కట్టాలె, రసీదు తీసుకోవాలె, ఆ రసీదు పట్టుకొని గ్రామసభల లెక్క అడగాలె. ఎందుకో చెప్త.

తండా పంచాయతీ అయ్యింది, మరి ఆమ్దానీ ఏది?

2018 పంచాయతీరాజ్ చట్టంతోని రాష్ట్రంల 4,383 కొత్త పంచాయతీలు వచ్చినయి. 500 జనాభా దాటిన తండాలు, గూడేలు సొంత పంచాయతీలైనయి. నూటికి నూరు శాతం ఎస్టీలున్న పంచాయతీల సర్పంచ్ సీటు మనోళ్లకే. ఇది మన పెద్దలు ఏండ్ల తరబడి కొట్లాడి సాధించుకున్నది, తక్కువ చేసి మాట్లాడను. అంతకు ముందు మన పన్ను పెద్ద ఊరి ఖాతాకు పోయేది. మోరీలు అక్కడ, బుగ్గలు అక్కడ, నల్లాలు అక్కడ. తండా దాకా వచ్చేసరికి నిధులు లేవనేటోళ్లు.

ఇప్పుడు బోర్డు మనది. కానీ ఒక్క లెక్క చూడుండ్రి. ఒక తండాల 150 ఇండ్లు ఉన్నయనుకుందాం. ఇంటికి సగటున 500 రూపాయలు పన్ను అనుకుందాం. ఒక్క ఇల్లు మిగలకుండా వసూలైతే 75 వేలు. అదే తండాల ఒక్క మల్టీ పర్పస్ వర్కర్‌కు నెలకు 9,500 చొప్పున ఏడాదికి 1,14,000 జీతం ఇయ్యాలె. అంటే తండా మొత్తం పన్ను కట్టినా మోరీ తీసే ఒక్క మనిషి జీతానికి సరిపోదు. పన్ను డబుల్ చేస్తే? లక్షన్నర. జీతం పోను 36 వేలు మిగులుతయి. అండ్లనే కరెంటు బిల్లు, డీజిల్, బ్లీచింగ్ పౌడర్, పగిలిన పైపు, కాలిన మోటరు. ఆ వర్కర్ కూడా మన మనిషే. 9,500తోని ఇల్లు ఎట్ల నడుస్తదని గ్రామ పంచాయతీ కార్మికులు 2023 జులైల సమ్మె చేసిండ్రు, యాదుండాలె.

అందుకే "పన్ను పెంచితే తండా బాగుపడుతది" అనే మాట లెక్కకు నిలవదు. పెద్ద ఊర్లకు రోడ్డు మీద దుకాండ్లు, రైస్ మిల్లులు, ఫంక్షన్ హాళ్లు, పెట్రోల్ బంకులు ఉంటయి, వాటి పన్ను ఉంటది. తండాల ఏమున్నది? ఒక కిరాణం, ఒక పిండి గిర్ని. మనం సరుకులు కొనేది నవీపేట్‌ల, పెండ్లి సామాన్లు నిజామాబాద్‌ల, ఎరువుల బస్తాలు సొసైటీ కాడ. మన పైసలతోని నడిచే దుకాణం పన్ను ఆ ఊరికి పోతది. బోధన్ దిక్కు శక్కర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతబడ్డంక కూలీ కూడా సన్నబడ్డది. ఆమ్దానీ తగ్గిన ఇంటి మీద పన్ను పెంచుడు ఏం న్యాయం?

వచ్చిన పైసలు ఎట్ల ఖర్చైనయి?

2019 సెప్టెంబర్‌ల 30 రోజుల ప్రణాళిక మొదలైంది, తర్వాత దానికే పల్లె ప్రగతి అని పేరొచ్చింది. ప్రతి పంచాయతీకి ట్రాక్టర్, ట్రాలీ, ట్యాంకర్, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, ప్రకృతి వనం. ఐదు వేల జనాభా ఉన్న ఊరికి ఏ పట్టీ ఇచ్చిండ్రో ఆరు వందల మంది తండాకు అదే పట్టీ. చెత్త పెద్దగా పుట్టని తండాల కూడా ట్రాక్టర్ కిస్తీ పంచాయతీ ఖాతా నుంచే పోయింది. తాగే నీళ్ల ట్యాంకు ముఖ్యమా, పార్కు ముఖ్యమా అని తండాను అడిగిన దాఖలా లేదు. పని చేయించిన సర్పంచులు బిల్లులు రాక అప్పులపాలైండ్రు. మన తండాలల్ల కొత్తగా సర్పంచ్ అయినోళ్లకు పొలం, మేకలు తప్ప వెనుక ఆస్తి ఎక్కడిది?

ఇగ 2024 జనవరి ఆఖరుకు పాలకవర్గాల గడువు అయిపోయింది. ఐదేండ్లు నిండక ముందే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగంల 243ఇ చెప్తది. పెట్టలే. ప్రత్యేక అధికారులు వచ్చిండ్రు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంటు రాదు కాబట్టి కేంద్రం పైసలు ఆగినయి. 2025 డిసెంబర్‌ల మూడు విడతల ఎన్నికలు అయ్యేదాకా, అంటే దగ్గర దగ్గర రెండేండ్లు, కార్యదర్శులే చేతి పైసలు పెట్టి డీజిల్ పోయించుకున్నరని పేపర్లల్ల చదివినం. ఆ రెండేండ్లు మనల్ని ఇంటి పన్ను అడుగుడు మాత్రం ఆగలే. నామినేషన్ వేసేటప్పుడు బాకీ లేదనే రసీదు కూడా అడిగిండ్రు. ఎన్నికలు టైముకు పెట్టనోళ్లకు జుర్మానా లేదు, పన్ను టైముకు కట్టనోళ్లకే ఉన్నది.

ఇంకో ముచ్చట. 15వ ఆర్థిక సంఘం గ్రాంటుల 60 శాతం కట్టుబడి నిధులు. అండ్ల సగం తాగునీళ్లకు, సగం పారిశుద్ధ్యానికే వాడాలె. మిగిలిన 40 శాతమే ఊరి అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకునేది. "నిధులన్నీ కట్టుబడియే, మా చేతుల ఏం లేదు" అని ఎవరన్నా అంటే ఆ 40 శాతం సంగతి అడగండి. నీళ్ల పేరు మీద 30 శాతం వచ్చినా ఎండకాలం బిందెలు లైన్ల ఎందుకున్నయో కూడా అడగండి.

చదువుకునే పిల్లలం మనం అడగాల్సిన పన్ను

ఇంటి పన్ను రసీదుల "గ్రంథాలయ పన్ను" అని ఒక గీత ఉంటది, చూసిండ్రా? పన్ను మీద రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద స్థానిక సంస్థలు దీన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలె. మనం కట్టినం. మన తండాల ఒక్క పేపర్ పడే కాడ ఉన్నదా? గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు చదివే పిల్లలు రూం కిరాయి పెట్టుకొని నిజామాబాద్ పోవాలె, అక్కడి లైబ్రరీల కుర్చీ కోసం పొద్దుగాల లేవాలె. వసూలు చేసిన సెస్సు గ్రంథాలయ సంస్థకు జమ చేయకుండా బాకీ పెట్టుడు రాష్ట్రమంతట ఉన్న రోగం. ఇది పెద్ద పైసలు కాకపోవచ్చు. కానీ మన చదువు పేరు మీద మన ఇంట్ల తీసుకున్న పైసలు. తండాకొక రీడింగ్ రూం, నాలుగు కుర్చీలు, రెండు పేపర్లు, కాంపిటీషన్ పుస్తకాలు అడుగుడు దానం అడుగుడు కాదు.

రసీదు లేని పన్నులు

ఇంటి పన్ను కట్టేటప్పుడన్నా రసీదు వస్తది. అంగడిల ఏమొస్తది? నవీపేట్ శనివారం మేకల అంగడికి ఎక్కడెక్కడి బేరగాళ్లో వస్తరు. అండ్ల అమ్మే మేకలల్ల మన తండాల మేకలు ఎన్నో. ఏ అంగడైనా నడిచేది ఒకటే తీరు. తైబజార్ వేలం పాడినోడు ఏడాది పొడుగునా జీవానికి ఇంత అని వసూలు చేసుకుంటడు. పాట ఎంత ఎక్కువకు పోతే ఆ భారం అంత మేక తెచ్చినోని మీద పడుతది. రేటు బోర్డు గేటు కాడ పెట్టాలె, ఎంత తీసుకుంటే అంతకు రసీదు ఇయ్యాలె. వేలం పైసలల్ల నీడకు, నీళ్ల తొట్టికి, లెట్రిన్‌కు ఎంత పెట్టిండ్రో చెప్పాలె. మేక కన్నా ముందు మనిషి ఎండల ఎండుతున్నడు.

రిజిస్ట్రేషన్ సంగతి చూడుండ్రి. 2021 జులైల స్టాంప్ డ్యూటీ 4 నుంచి 5.5 శాతానికి పెంచిండ్రు. స్థానిక సంస్థల కోసం తీసుకునే బదలాయింపు సుంకం మాత్రం 1.5 శాతం కాడనే ఉంచిండ్రు. జనం మీద మొత్తం భారం 6 నుంచి 7.5 అయ్యింది. పెరిగినదంతా రాష్ట్రం వాటా, ఊరి వాటాల పావలా పెరగలే. ఇట్లాంటి కాడ పంచాయతీల తరఫున కొట్లాడకుండా, "పంచాయతీలు సొంత ఆదాయం పెంచుకోవాలె" అని తండాలకు నీతులు చెప్తరు.

పట్నంల ఉన్న మనోళ్లకు

నిజామాబాద్, బోధన్‌ల కిరాయికుండే అన్నదమ్ములకు ఆస్తి పన్ను ఓనర్ సంగతి అనిపిస్తది. కాదు. పన్ను పెరిగిన ప్రతిసారి అది కిరాయిల కలుస్తది. పెరిగేదానికి కారణం కూడా తెల్సుకోవాలె. పట్టణాలకు గ్రాంటు కావాలంటే ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలె, రాష్ట్ర స్థూల ఉత్పత్తి ఎట్ల పెరిగితే పన్ను వసూళ్లు అట్ల పెరగాలె అని 15వ ఆర్థిక సంఘం షరతు పెట్టింది. పక్కన ఆంధ్రప్రదేశ్‌ల 2021ల అద్దె విలువ తీసేసి ఆస్తి విలువ మీద పన్ను తెచ్చిండ్రు, ఏటా 15 శాతం దాటొద్దని గీత గీసిండ్రు. మన 2019 మున్సిపల్ చట్టంల ఒక మంచి మాట ఉన్నది: 75 గజాల లోపు జాగల గ్రౌండ్ గానీ, మీద ఒక అంతస్తు గానీ ఉన్న నివాస ఇంటికి ఏడాదికి 100 రూపాయలే పన్ను. పట్నం అంచుల చిన్న ఇల్లు కట్టుకున్న మనోళ్లు ఎంత కడుతున్నరో ఒకసారి రసీదు తీసి చూసుకోండి.

రెండు దిక్కులా జవాబు

"ఎస్టీలకు అన్నీ ఉచితమే, మీరేం పన్ను కడుతరు" అనేటోళ్లు కాలేజీల, ఆఫీసుల తగుల్తనే ఉంటరు. సబ్బు మీద, చెప్పుల మీద, సెల్ రీచార్జి మీద జీఎస్టీ కడుతున్నం. డీజిల్ మీద వ్యాట్ కడుతున్నం. ఇంటి పన్ను కడుతున్నం. అంగడిల తైబజార్ కడుతున్నం. తండాకు రోడ్డు వేస్తే అది భిక్ష కాదు. 2017ల ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసిండ్రు, ఆ ఏడాది ఖర్చు కాని నిధిని తర్వాత ఏడాదికి తేవాలని అండ్లనే ఉన్నది. ఎవడన్నా మాట అంటే ఈ చట్టం పేరు చెప్పండి.

"కుమ్రం భీం పన్ను కట్టొద్దన్నడు గదా" అనే తమ్ముళ్లకు కూడా ఒక మాట. నిజాం కాలంల పశువు మేస్తే పన్ను, కట్టె తెస్తే పన్ను. అడుగుదామంటే కూసునే సభ లేదు, మాట వినే అధికారి లేడు. అందుకే అది జోడేఘాట్ దాకా పోయింది, 1940ల ఆయన ప్రాణమిచ్చిండు. ఆయన కొట్లాడింది మన ఊరి మీద మన అధికారం కోసం. ఈనాడు ఆ అధికారం కాయితం మీదనన్నా మన చేతుల ఉన్నది. వాడకుండా పన్ను ఎగ్గొడితే నష్టం మన తండా ఖాతాకే.

ఇంకొకటి యాదుంచుకోండి. నిజామాబాద్ జిల్లా షెడ్యూల్డ్ ఏరియా కాదు. ఆసిఫాబాద్ దిక్కు మన గోండు, కోలాం అన్నదమ్ములకు పెసా చట్టం ఉన్నది. పెట్టిన ఖర్చుకు వినియోగ ధ్రువీకరణ గ్రామసభ నుంచి తీసుకోవాలని అండ్ల రాసి ఉన్నది. మనకు అది లేదు. మనకున్నది 2018 చట్టం చెప్పిన రెండు నెలలకొక గ్రామసభ. అండ్ల కూసోకపోతే మనకు ఏమీ లేనట్టే.

ఏం చేద్దాం

1. పన్ను కట్టినంక రసీదు ఫోటో తీసి పెట్టుకోండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇయ్యొద్దు, మనోడే అడిగినా సరే.

2. గ్రామసభ ఎప్పుడో కార్యదర్శిని ముందే అడగండి. మీటింగ్ కాకుండా ఇంటింటికి బుక్కు తిప్పి సంతకాలు పెట్టించుకుంటే పెట్టొద్దు.

3. ఫోన్ల ఈ-గ్రామ్ స్వరాజ్ తెరిచి మీ పంచాయతీ పేరు కొట్టండి. ఏ పనికి ఎంత రాసిండ్రో కనబడుతది. రాసిన పని ఊర్ల ఉన్నదా లేదా పోయి చూడండి.

4. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిల ఫీజు లేదు, మండల స్థాయిల 5 రూపాయలే. మూడు ఏండ్ల జమా ఖర్చు, ట్రాక్టర్ కిస్తీలు, గ్రంథాలయ సెస్సు జమ, ఇవి మూడు అడగండి చాలు.

5. కొత్త సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరి సంతకంతోనే చెక్కు పోతది. ఇద్దర్నీ అడగండి. మనోళ్లని మొహమాటపడొద్దు, మనోళ్లు కాబట్టే అడగాలె.

6. అందరం కలిసి పైకి అడగాల్సింది: జనాభా లెక్కన పంచుడొక్కటే కాదు, సొంత ఆదాయం లేని తండా పంచాయతీకి వర్కర్ జీతం సర్కారే ఇయ్యాలె. కేరళల 1996ల ప్రణాళిక నిధులల్ల 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకే ఇస్తమని నిర్ణయం తీసుకున్నరు. మన కాడ ఎందుకు కాదు?

తండాల నసాబ్ కూసుంటే దండుగ ఎంత, ఆ పైసలు దేనికి అనేది నాయక్ అందరి ముందట చెప్తడు. చదువు రాని మన తాతలు లెక్క ముఖం మీద అడిగేటోళ్లు. డిగ్రీలు చదివిన మనం కారోబార్ రసీదు మీద ఏం రాసి ఉన్నదో చదువుతలేం. ఈ నెల మీ తండాల గ్రామసభ ఉంటే పోండి, నలుగురిని తీసుకపోండి. ఏం అడిగిండ్రు, ఏం జవాబొచ్చింది, ఇక్కడ రాయండి. జవాబు రాకపోతే అది కూడా రాయండి, తర్వాత సభకు ఇంకో పది మందిమి ఎక్కువ పోదాం.