తూటాను ఎన్నుకొన్న చట్టం

రైఫిలు కొనదలచిన అమెరికా వేటగాడు ముందు తూటాను ఎన్నుకొంటాడు. 1952లో వచ్చిన .308 విన్‌చెస్టర్ తూటా ఇత్తడి తొడుగు పొడవు 51 మిల్లీమీటర్లు, పాత.30-06ది 63. తూటా పొట్టిదైతే తుపాకి బోల్టు యంత్రమూ పొట్టిది, తేలిక. ఇంట మందు తూచి తూటాలు నింపుకొనేవారికి మాత్రం ఒక చిక్కు: పొడవైన గుండు తొడుగులోకి దిగి మందుకు చోటు తగ్గిస్తుంది.

ఢిల్లీ వేటగాడికి ఇంతటి మీమాంస ఎన్నడూ లేదు. సైన్యపు .303 తూటాను బ్రిటిషు ప్రభుత్వం పౌరులకు నిషేధించగా, బి.ఎస్.ఎ. కంపెనీ ఆస్ట్రియా సైన్యపు 8 మిల్లీమీటర్ల మాన్‌లిహర్ తూటాను .315 పేరిట లీ-ఎన్‌ఫీల్డు రైఫిలుకు అమర్చింది. పరాయి సైన్యపు తూటా గనుక అభ్యంతరం లేకపోయింది! దాని తొడుగు 50 మిల్లీమీటర్లే. పొట్టితనం కోరి తెచ్చుకొన్నది కాదు. స్వాతంత్ర్యానంతరం ఇషాపూర్ కర్మాగారం ఆ తూటాకే రైఫిళ్ళు చేసింది. ఇంట తూటాలు నింపుకొందామంటే 1959 ఆయుధ చట్టం తయారీకి లైసెన్సు అడుగుతుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది; 1991 సవరణ దాదాపుగా మూసివేసింది. 1982 ఆసియా క్రీడలకై తుగ్లకాబాదులో నిర్మించిన షూటింగ్ రేంజిలో ఢిల్లీవారు గురిచూచేది కాగితపు వలయాలకు, మట్టి బిళ్ళలకు.