వచ్చే వానలకి ఏ చీమ?

వేసవి ముదిరేసరికి చీమలు పెంచేవాళ్ళ మధ్య ఒకటే చర్చ మొదలవుతుంది. "ఈసారి ఏది?" గుర్రప్పందేలప్పుడు గుర్రాల పేర్లు వినిపించినట్టు చీమల పేర్లు వినిపిస్తాయి. ఎగిరి దూకి వేటాడే హార్పెగ్నాథస్ కావాలని ఒకరంటారు. మామిడాకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు కావాలని ఒకరు. ఎంతైనా పర్వాలేదు, ఆఫ్రికా నుంచి గింజలేరుకునే ఆ పెద్ద చీమని తెప్పించుకోవాల్సిందేనని ఇంకొకరు. నన్నూ అడుగుతారు. నేను చెప్పేది వినగానే మొహాలు చిన్నబోతాయి.

గండుచీమ అంటాను. మీ అపార్ట్‌మెంట్ ప్రహరీ వెంట బారులు తీరి పోయే నల్లటి గండుచీమే. శాస్త్రజ్ఞులు దాన్ని కాంపోనోటస్ కంప్రెస్సస్ అంటారు. అది కూడా కొన్నది కాకూడదు, మీ వీధిలో మీ కళ్ళకే దొరికిందయి ఉండాలి. దొరక్కపోతే ఈ ఏడాదికి ఏ చీమా వద్దు.

దీన్ని మీరు సలహా అనుకోకండి. నేను తగవుకే వచ్చాను.

ఈ అలవాటు గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. తొలి వానల రోజుల్లో పుట్టల్లోంచి రెక్కల చీమలు బయటికొస్తాయి. గాల్లోనే జతకడతాయి. మగవాటి కథ అక్కడితో సరి. ఆడది నేల మీదికి దిగి, రెక్కలు తనే ఊడ్చేసుకుని, మట్టిలో చిన్న గది తవ్వుకుని, తలుపు మూసేసుకుంటుంది. ఆ తర్వాత ఏమీ తినదు. ఇక పనికిరాని రెక్కల కండరాలు ఒంట్లోనే కరుగుతాయి. ఆ బలంతోనే గుడ్లు పెట్టి, మొదటి పిల్లల్ని సాకుతుంది. చీమలు పెంచేవాడు చేసేదల్లా ఆ మట్టిగదికి బదులు ఒక టెస్ట్ ట్యూబ్ ఇవ్వడమే. అడుగున కాసిని నీళ్ళు పోసి దూది బిగించి, రాణిని లోపలికి వదిలి, మూతికి ఇంకో దూది పెట్టి చీకట్లో ఉంచాలి. ఆ తర్వాత ముట్టుకోకూడదు. కష్టమైన పని అదే. నెల పైన అయ్యాక చిన్న చిన్న కూలిచీమలు నలుగురో అయిదుగురో తేలతారు. ఒక ఊరు మొదలవుతుంది. మొత్తం ఖర్చు రెండు టీలూ ఒక సమోసా.

ఇంత చవగ్గా, ఇంత నెమ్మదిగా సాగాల్సిన పని మధ్యలోకి బజారు వచ్చి కూర్చుంది.

2025 ఏప్రిల్లో కెన్యాలో జరిగింది గుర్తుందా? ఇద్దరు బెల్జియం కుర్రాళ్ళు, ఒక వియత్నాం మనిషి, ఒక కెన్యా మనిషి పట్టుబడ్డారు. వాళ్ళ దగ్గర దొరికినవి ఏనుగు దంతాలు కావు. రెండు వేలకు పైగా ట్యూబుల్లో, దూది బిగించి ఉన్న సుమారు 5,000 రాణి చీమలు. ఎక్కువగా మెస్సర్ సెఫలోటిస్ అనే గింజలేరుకునే జాతి. మే నెలలో కోర్టు ఒక్కొక్కరికి పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు అంది. ఆ కుర్రాళ్ళకి ఇరవై ఏళ్ళు కూడా లేవు. వాళ్ళ మీద నాకు కోపం కంటే జాలి ఎక్కువ. కోపమంతా "రేర్" అనే మాట మీద. ఒక చీమని చూసి "ఇదేం చేస్తోంది?" అని అడగడం మాని "ఇది ఎవరి దగ్గరా లేదు కదా?" అని అడిగిన రోజున మనం చీమలు పెంచేవాళ్ళం కాదు, నాణేలు పోగుచేసేవాళ్ళం. నాణేలకైతే ప్రాణం లేదు, పెట్టెలో ఉంటాయి.

ఒక్కో రాణి అంటే ఒక్కో పుట్ట. మెస్సర్లు గింజలు మోసుకెళ్ళి కొన్నిటిని దారిలో జారవిడుస్తాయి. ఆ గడ్డిమైదానంలో ఏది ఎక్కడ మొలవాలన్నది కొంత వాటి చేతిలో ఉంది. అయిదు వేల రాణుల్ని ఎత్తుకుపోవడమంటే పుట్టబోయే అయిదు వేల ఊళ్ళ విత్తనాన్ని ఎత్తుకుపోవడమే. వాటిలో చాలావరకు ఎలాగూ బతకవు కదా అంటారు. నిజమే. బతకని వాటిని పక్షులు తింటాయి, బల్లులు తింటాయి. అడవికి చెందిన చావు అడవిలోనే ఖర్చవుతుంది. బ్రస్సెల్స్‌లో డ్రాయర్లో ఎండిపోయిన రాణిని ఏ పక్షి తింటుంది?

ఇది వెళ్ళేవాటి సంగతి. వచ్చేవాటి సంగతి ఇంకా ఘోరం. దక్షిణ అమెరికా నిప్పుచీమ సోలెనాప్సిస్ ఇన్విక్టా 1930ల్లో అలబామాలోని మొబైల్ రేవులో ఓడ దిగింది. అక్కణ్ణుంచి అమెరికా దక్షిణ రాష్ట్రాలన్నీ ఆక్రమించింది. 2001లో బ్రిస్బేన్లో కనబడింది. 2023లో సిసిలీలో స్థిరపడిందని తేలింది. క్రిస్మస్ దీవిలో పచ్చ పిచ్చిచీమలు, అంటే అనోప్లోలెపిస్ గ్రాసిలిపెస్, కోట్ల కొద్దీ ఎర్రపీతల్ని చంపేశాయి. అంత దూరం ఎందుకు, 2022లో తమిళనాడు దిండిగల్ జిల్లా కరంతమలై అడవి అంచు ఊళ్ళ మీద ఇవే చీమలు పడ్డాయి. పశువుల్ని బయట కట్టేయలేక, కాలు కింద పెట్టలేక జనం అల్లాడిపోయారు.

వీటిని చీమలు పెంచేవాళ్ళు తేలేదు కదా అని మీరనొచ్చు. అక్షరాలా నిజం. ఓడల్లో మట్టీ సరుకూ తెచ్చాయి. కానీ ఓడ తెలియక తెచ్చింది. మనం తెలిసి, డబ్బిచ్చి, కొరియర్లో తెప్పించుకుంటున్నాం. గండుచీమ రాణి పారిపోతే అది వెళ్ళేది తన వీధికే. పరాయి రాణి పారిపోతే అది వెళ్ళేది ఎవరి వీధికో ఎవరూ చెప్పలేరు. మన దేశంలోకి బతికున్న పురుగుల్ని తేవాలంటే అనుమతి ఉండాలని 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఊరికే చెప్పలేదు.

"సరే, బయటివి వద్దు. మన దేశపు చీమలే కొనుక్కుంటాం" అనే మిత్రులున్నారు. వాళ్ళకు ముందుగా హార్పెగ్నాథస్ గురించి. దక్షిణ భారతపు అద్భుతం అది, ఒప్పుకుంటాను. రాణి చచ్చిపోతే కూలిచీమలు మీసాలతో వారాల తరబడి పోటీ పడతాయి. గెలిచినవి గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. అలా మారినప్పుడు వాటి మెదడు అయిదో వంతు దాకా కుంచించుకుపోతుంది. మళ్ళీ పాత పనిలోకి తోస్తే మెదడు మళ్ళీ పెరుగుతుంది! ఇంత చదివాక ఎవరికైనా కావాలనే అనిపిస్తుంది. కానీ అది పంచదార నీళ్ళతో గడిపే చీమ కాదు. బతికున్న ఎర కావాలి, తేమ కావాలి, అది పుట్టిన అడవి నేల కావాలి. మే నెల హైదరాబాదులో, ఆరో అంతస్తులో, కరెంటు పోయిన మధ్యాహ్నం ఆ ప్లాస్టిక్ పెట్టె ఎంత వేడెక్కుతుందో మీకు తెలుసు. పైగా అమ్మకానికి "పెద్ద కాలనీ" దొరికిందంటే, రాణి కోసం ఎక్కడో ఎవరో ఒక పుట్టని తవ్వేశారనే అర్థం చేసుకోండి.

ఇక ఆకులు కుట్టే ఎర్రచీమలు, ఓయికోఫిల్లా. వీటి ఒక్క కుటుంబం అనేక గూళ్ళలో, ఒక్కోసారి అనేక చెట్ల మీద ఉంటుంది. రాణి ఉండేది ఒక్క గూట్లో. మీరు కొమ్మ విరిచి తెచ్చిన గూట్లో రాణి ఉండకపోవడానికే అవకాశం ఎక్కువ. అంటే మీరు ఒక ఊరి వార్డుని కోసి తెచ్చి, పట్నం అని పేరు పెట్టుకున్నారు. ఒడిశాలోని మయూర్‌భంజ్ ఆదివాసులు ఈ చీమలతో నూరుకునే సిమిలిపాల్ కాయి చట్నీకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏ గూడు ఎప్పుడు దించాలో వాళ్ళకి తెలుసు. తినేవాడికున్న మర్యాద పెంచేవాడికి లేకపోతే ఎలా?

మన చేతికొచ్చే సలహాలు కూడా మనవి కావు. కొత్తవాళ్ళు లేసియస్ నైజర్‌తో మొదలుపెట్టాలని యూరప్ వాడు రాసుకున్నాడు. అది అక్కడి వీధి చీమ కాబట్టి రాసుకున్నాడు, సబబే. దానికి చలికాలపు నిద్ర కావాలి. మనవాళ్ళు ఆ ముక్క చదివి, ఉక్కపోతలో బతికే చీమని ఫ్రిజ్‌లో పాలప్యాకెట్ పక్కన పెట్టాలా అని నన్నడుగుతారు. ఆ సలహాలో నేర్చుకోవాల్సింది నైజర్ పేరు కాదు, "నీ వీధి చీమతో మొదలుపెట్టు" అన్న సంగతి. మనం పేరు తీసుకుని సంగతి వదిలేశాం. అన్నట్టు ఆ నైజర్ రాణి ఒకటి మనుషుల పెంపకంలో 28 ఏళ్ళు దాటి బతికింది. "వచ్చే సీజన్‌కి" అని మనం తేలిగ్గా అనే మాటలో ఎన్నేళ్ళున్నాయో చూసుకోండి. ఉద్యోగం మారినా, ఊరు మారినా, పెళ్ళయినా అది మీతో ఉంటుంది. వదిలేయాలనుకుంటే గండుచీమని దొరికిన చెట్టు కిందే వదలొచ్చు. మిగతావాటిని ఎక్కడ వదులుతారు?

నన్ను ఇంకో వైపు నుంచి తిట్టేవాళ్ళూ ఉన్నారు. అసలు చీమల్ని ట్యూబులో పెట్టడమే హింస, వెళ్ళి బయట చూడొచ్చు కదా అని. ఈ మాటని నేను తోసిపుచ్చను. బయట చూడటం ఎప్పుడూ మేలే. కానీ నేల కింద గదిలో జరిగేది బయట కనబడదు. రాణి గుడ్లని ముద్దగా చేర్చి నాకుతూ కూర్చోవడం, ఒక చీమ తన పొట్టలో దాచుకున్న తీపిని ఇంకో చీమ నోటికి అందించడం గాజు వెనక నుంచే చూడగలం. తొలివానకి ఎగిరిన వందల రాణుల్లో ఒక్కదాన్ని, ఒకే ఒక్కదాన్ని తీసుకోవడం వల్ల వీధికి పోయేదేమీ లేదు. పుట్ట తవ్వడానికీ దీనికీ ఉన్న తేడా, రాలిన మామిడికాయ ఏరుకోవడానికీ చెట్టు నరకడానికీ ఉన్న తేడా.

గండుచీమలో చూడ్డానికేముంది అంటారు, అదీ అసలు బాధ. ఒకే తల్లి పిల్లల్లో బుడతలూ ఉంటారు, పెద్ద తలకాయల భటులూ ఉంటారు. పేనుబంక పట్టిన కొమ్మ దగ్గర కాపలా కాసి తీపి పితుక్కుంటాయి. వాటి పేగుల్లో కాపురముండే బాక్టీరియా వాటి తిండిలో లేని పోషకాలు తయారుచేసి పెడుతుంది. కొండి ఉండదు. కొరికి, ఆ గాటు మీద ఆమ్లం చిమ్ముతాయి. ఇదంతా మీ గేటు పక్కనే ఉంది. ఏడు చేపల కథ వింటూ పెరిగినవాళ్ళం, చీమ తన పుట్టని బంగారమంటే నవ్వుకున్నవాళ్ళం. ఆ పుట్ట ఏ జాతిదని మాత్రం ఒక్కరోజూ అడగలేదు. చీమలు పెట్టిన పుట్టల్లో పాములు చేరతాయని పద్యం బట్టీపట్టాం. ఆ ఎత్తయిన మట్టిపుట్టలు చాలావరకు చెదపురుగులవని, చెదలకి చీమకంటే బొద్దింకే దగ్గరి చుట్టమని ఎంతమందికి తెలుసు? మన దేశంలో ఎనిమిది వందలకు పైగా చీమజాతులున్నాయి. తెలుగులో మనం పేరు పెట్టి పిలవగలిగేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ పేదరికాన్ని ఆఫ్రికా రాణి తీర్చదు.

కాబట్టి నా మాట ఇదే. అమ్మేవాళ్ళ పట్టికలు మూసేయండి. తొలివాన పడి వెలిసిన సాయంత్రం చిన్న డబ్బా ఒకటి జేబులో వేసుకుని వీధి దీపం కిందికి వెళ్ళండి. ఉసిళ్ళు రాలుతుంటాయి, వాటిని పక్కనుంచండి. రెక్కలూడిన పెద్ద నల్లచీమ ఒక్కతే గోడవారన కంగారుగా తిరుగుతుంటే ఆగండి. ఒక్కదాన్నే తీసుకోండి. మరుసటి రోజు కూడా దొరికితే వదిలేయండి, అది వీధి వాటా.