మా బాపు చదవలేడనే కదా మీ ధైర్యం!



శంకర్‌పల్లిల ఒక షోరూం. పేరు రాయను. క్లచ్ జారుతుందని బాపు బండి ఇస్తే మూడుసార్లు తిప్పిన్రు, మూడు రోజుల కూలి పోయింది. బిల్లుల క్లచ్ ప్లేట్లు మార్చినట్టే ఉంది. బండి మాత్రం మోకిల దాటకముందే మళ్లీ జారింది. పాత ప్లేట్లు చూపెట్టుమంటే "పారేసినం" అన్నరు. కారుల వచ్చినాయనకు "కూర్చోండి సార్", మా బాపుకు "ఏయ్, పక్కకు జరుగు".

అసలు కిటుకు జాబ్ కార్డుల ఉంది. అంతా ఇంగ్లీషే. చదవలేడని తెలిసే సంతకం పెట్టిచ్చుకుంటరు. నేనైతే దీన్ని దొంగతనమే అంట.

2019 వినియోగదారుల రక్షణ చట్టం దీన్ని సేవా లోపం అంటది. రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌ల ఫిర్యాదు చేయొచ్చు. 5 లక్షల లోపయితే ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. 1915కు ఫోన్ చేసి తెలుగులనే చెప్పొచ్చు.

"వెయ్యి రూపాయలకు కేసా?" అని మనోళ్లే నవ్వుతున్నరు. ఆ వెయ్యి మా ఇంట్ల రెండు రోజుల కూలి! ఫిర్యాదు రాస్తున్న. మీ తండాలల్ల ఇసొంటి బిల్లులుంటే ఫోటో తీసి కింద పెట్టుర్రి.