మందు డబ్బా మీద ఇంగ్లిష్ పాఠం

"గీ డబ్బా మీద ఏం రాసిందో జర చదివి చెప్పు బిడ్డా!"

పత్తికి పురుగు పడిందంటే చాలు... వికారాబాద్ జిల్లా బంట్వారం లాంటి ఊళ్లలో, పొద్దుగూకే వేళ, ఏ ఇంట్లోనైనా వినిపించగల మాట ఇది. చేనుకు కొట్టే మందు తెచ్చిన తండ్రి తొమ్మిదో తరగతి చదివే కూతుర్ని పిలుస్తాడు. ఆయన బడి మొహం చూడలేదు. బిడ్డది ఇంగ్లిష్ మీడియం కాబట్టి చకచకా చదివేస్తుందని ధీమా. ఆ పిల్ల డబ్బా మీది అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. "అంటే ఏంది?" అని తండ్రి అడిగేసరికి మాత్రం తల దించుకుంటుంది. గైడులోని జవాబులన్నీ గడగడా అప్పజెప్పే పిల్లే మరి!

లోపం పిల్లలో లేదు. చదివించే సామగ్రిలో ఉంది.

తెలంగాణ ప్రభుత్వ బళ్లలో 2022-23 నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. లెక్కలు, సైన్సు పుస్తకాలను ఒక పేజీ ఇంగ్లిష్‌లో, పక్క పేజీ తెలుగులో అచ్చేశారు. అది మంచి ఊతమే. అయితే అప్పటిదాకా ఇంగ్లిష్ అంటే ఆరు సబ్జెక్టుల్లో ఒకటి. గైడు బట్టీ కొట్టి ముప్పై అయిదు తెచ్చుకుంటే గండం గట్టెక్కినట్టే. ఇప్పుడు మిగతా సబ్జెక్టులన్నీ ఆ ఒక్క దారిలోంచే రావాలి. పైగా బంట్వారం కర్ణాటకకు దగ్గర. తెలుగులో ఉర్దూ, కన్నడ మాటలు కలిసిపోయే ఈ సీమలో బడి దాటితే ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

మాట్లాడేవాళ్లు దొరక్కపోవచ్చు. రాసి ఉన్న ఇంగ్లిష్ మాత్రం ఇంటినిండా ఉంది.

బండ్ల వేళలే పాఠం

ఈ సంగతిని పట్టుకుని దక్షిణాదిలోనే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. మద్రాసులోని బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేసిన ఎన్.ఎస్.ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు వంటి చోట్ల మామూలు బళ్లలో ఇంగ్లిష్‌ను కొత్తగా చెప్పించారు. వ్యాకరణ సూత్రాలు లేవు. అప్పజెప్పడాలు లేవు. రైల్వే టైంటేబుల్, ఊరి పటం, దూరాల పట్టిక... ఇవే పాఠాలు. 'ఫలానా ఊరికి మధ్యాహ్నంలోగా చేరాలంటే ఏ బండి ఎక్కాలి?' అని అడిగేవారు. జవాబు కోసం బుర్ర పెట్టి ఆలోచించే క్రమంలో భాష దానంతటదే వంటబడుతుందన్నది ప్రభు నమ్మకం.

పద్ధతి కూడా తేలికే. ఒక లెక్కను ముందు టీచరు తరగతితో కలిసి చేస్తారు. అలాంటిదే మరొకటి పిల్లలు ఎవరికి వారు చేయాలి. మార్కులు జవాబుకే, భాషలో దొర్లే తప్పులకు కోత లేదు. తరగతిలో కనీసం సగం మంది కనీసం సగం ప్రశ్నలు సరిగ్గా చేస్తే ఆ పని వాళ్ల స్థాయికి తగినదని లెక్క. 1987లో ఆయన ఈ అనుభవాలను పుస్తకంగా తెచ్చారు. ఇవాళ ప్రపంచమంతా 'టాస్క్' పేరుతో చేస్తున్న భాషా బోధనకు ఈ బళ్లే తొలి మెట్లలో ఒకటి.

పప్పు ప్యాకెట్ నుంచి మాయాబజార్ దాకా

దీనికి డిజిటల్ బోర్డే ఉండాలనేం లేదు. పది గంటలకల్లా తాండూరు ఆస్పత్రిలో ఉండాలంటే ఏ బస్సుకు బయల్దేరాలి? వేళల పట్టికను ఇంగ్లిష్‌లో నల్లబల్ల మీద రాస్తే అదే ఒక పాఠం. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కందిపప్పు ప్యాకెట్ మీద ప్యాక్ చేసిన తేదీ, బరువు, ధర ఎక్కడున్నాయో వెతికిస్తే మరో పాఠం. కంది గురించి టీచరు కంటే పిల్లలకే ఎక్కువ తెలుసు. తెలిసిన విషయమైతే తెలియని మాటను ఊహించడం సులువు.

అంటే పాఠ్యపుస్తకాన్ని పక్కన పడేయాలనా? కానే కాదు. 2014లో వచ్చిన పదో తరగతి ఇంగ్లిష్ పుస్తకంలో మనింటి సంగతులు బోలెడున్నాయి. పి.సత్యవతి 'ఇల్లలకగానే' కథ అందులో ఇంగ్లిష్‌లో ఉంది. ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ అది. 'మాయాబజార్' సినిమా మీద ఒక పాఠమూ ఉంది. ఘటోత్కచుడు తెలియని తెలుగు పిల్లలుంటారా? ముందు కథ తెలుగులో చెప్పించి, ఆనక పుస్తకం తెరిపిస్తే సగం బరువు దిగిపోతుంది.

'సిలబస్ ఎప్పుడు పూర్తి చేయాలి?' అని టీచర్లు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే వారానికి ఒక్క పీరియడ్ చాలు. ముందు చూడని పేరా చదివి జవాబు రాయడం పరీక్షలోనూ తప్పదు కదా!

ఆ నాలుగు రంగులు

ఇక మళ్లీ మందు డబ్బా దగ్గరికి వద్దాం. దాని మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. కింది సగంలో రంగు, పై సగంలో హెచ్చరిక. ఎరుపుంటే అత్యంత విషం, పుర్రె బొమ్మతో 'పాయిజన్' అని రాస్తారు. పసుపు దాని తర్వాతిది, అక్కడా 'పాయిజన్' మాటే. నీలానికి 'డేంజర్', ఆకుపచ్చకు 'కాషన్'. ఆకుపచ్చ అంటే ప్రమాదం తక్కువని, అసలు లేదని కాదు. మోతాదు సాధారణంగా హెక్టారు లెక్కన ఉంటుంది. మన రైతు లెక్క ఎకరాల్లో. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఇది తెలియక హెక్టారు మందును ఎకరానికే కొడితే పైరుకూ చేటే, కొట్టే మనిషికీ చేటే. చివరిసారి కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో చెప్పేది 'వెయిటింగ్ పీరియడ్'.

నాలుగు రంగులు, మూడు మాటలు, ఒక భాగహారం. ఇంగ్లిష్, సైన్సు, లెక్కలు మూడూ ఒక్క చీటీలోనే ఉన్నాయి. అయితే ఒక జాగ్రత్త. డబ్బాను బడికి తేకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. పెద్దవాళ్లు ఫోన్‌లో ఫొటో తీసిస్తే చాలు, టీచరు దాన్ని బోర్డు మీద రాసుకుంటారు.

ఆ పీరియడ్ అయిన సాయంత్రం తండ్రి మళ్లీ పిలుస్తాడు. పిల్ల ఈసారి తల దించుకోదు. "ఎర్రది నాయినా... మూతికి గుడ్డ కట్టుకో, చేతులకు తొడుగులేసుకో. గాలికి ఎదురుంగ కొట్టకు" అంటుంది. ఆ ఇంట్లో ఇంగ్లిష్ మీడియం ఆ రోజు మొదలైనట్టు.